మా దొరగారి చక్కెర

పిల్లికి చక్కెర జబ్బని చెబితే నవ్వనివాళ్ళు ఇంతవరకూ నాకు తటస్థపడలేదు. మీరూ నవ్వే వుంటారు. ఫరవాలేదు. మా వూళ్ళో ఈ నవ్వు అరుగు మీంచి అరుగు మీదికి పాకి, బస్సెక్కి పులివెందుల దాకా పోయి తిరిగొచ్చింది. అరటిగెలలు మొయ్యడానికి వచ్చిన ఒకామె పనిగట్టుకుని మా వాకిట్లోకొచ్చి, "ఇదేనామ్మా, సూదులేయించుకునే పిల్లి?" అని అడిగి, కాసేపు తేరిపార చూసి, "మారాజు!" అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది.

ఆ మారాజు పేరు దొర. పన్నెండేళ్ళ కిందట ఒక వానరాత్రి తోటలో మోటారు షెడ్డు దగ్గర దొరికాడు. అప్పుడు అరచేతిలో పట్టేవాడు. పేరు మా అత్త పెట్టింది. "పెట్టింది తినడు, పిలిస్తే రాడు, పనంటే తెలీదు. వీడు దొర గాక ఇంకెవరు?" అని. పిల్లిని 'అది' అనాలని వ్యాకరణం నాకూ తెలుసు. పన్నెండేళ్ళుగా నా మంచం మీద సగం ఆక్రమించుకుని పడుకుంటున్నవాణ్ణి 'అది' అనడానికి నోరు రావడం లేదు, మన్నించండి.

మాది తుమ్మలపల్లె. పేపర్లలో పేరు చూసే వుంటారు, యురేనియం గని వున్న వూరు. ఎక్కడికి పోయి వూరి పేరు చెప్పినా ఎదుటివాళ్ళు ఓ అడుగు వెనక్కి వేసి, "అక్కడి నీళ్ళు తాగొచ్చా?" అంటారు. చుట్టుపక్కల పల్లెల రైతులు తమ నీళ్ళ గురించి, పంటల గురించి చేసిన ఫిర్యాదులు చిన్న సంగతి కాదు. ఇంకోసారి తీరిగ్గా రాయవలసిన సంగతి. కానీ మా దొర జబ్బును గని మీదికి తోసెయ్యడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. గనులు లేని వూళ్ళ పిల్లులకూ ఇవే జబ్బులొస్తాయి. వాడి విషయంలో ఎవరిదైనా తప్పుంటే అందులో పెద్ద వాటా నాదే. అది చెప్పడానికే ఈ గొడవంతా.

దొరకు మొదట వచ్చింది చక్కెర కాదు, ఉబ్బసం. మూడు చలికాలాల కిందట రాత్రిపూట నేలకంటుకుని కూర్చుని, మెడ ముందుకు చాచి, ఏదో కక్కబోతున్నట్టు దగ్గేవాడు. కక్కేదేమీ వుండేది కాదు. బొచ్చు ఉండ అడ్డం పడిందనుకున్నాం. ఒకరోజు తెల్లవారుజామున నోరు తెరిచి రొప్పుతూ కనిపించాడు. కుక్క నోరు తెరిచి రొప్పితే మామూలే. పిల్లి అలా చేసిందంటే ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. మావారు తోటకు పోయేది మానుకుని మమ్మల్నిద్దరినీ జీపెక్కించి ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏ వూరో, ఎవరో అక్కర్లేదు. ఆయన ఒక సూది వేశాడు. ఒకే ఒక్క సూది. మర్నాటి సాయంత్రానికి దొర ప్రహరీగోడ ఎక్కి కాకులతో తగువు పెట్టుకున్నాడు.

అమృతమంటే ఇదేననుకున్నాను. దాని బలం కొన్ని వారాలుండేది. తగ్గగానే మళ్ళీ జీపు, మళ్ళీ సూది. ఏడాదిలో అయిదుసార్లు. "ఇదేం మందండీ?" అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మరుసటి వేసవికి దొర నీళ్ళకుండ దగ్గరే కాపురం పెట్టాడు. తిన్నది తిన్నట్టే తింటున్నాడు, వొళ్ళు మాత్రం కరిగిపోతోంది. వెనక కాళ్ళ మడమలు నేలకానించి కుందేలు మాదిరి నడవసాగాడు. వయసు మీదపడింది కాబోలనుకున్నాను. ఎమ్మే చదివి, పద్నాలుగు నవలలు రాసినదాన్ని నేను. బడి గడప తొక్కని మా అత్త పెరట్లో బూడిదకుప్ప వైపు వేలు చూపించి, "వాడు వొంటికి పోయిన చోట చీమలు చూడుమ్మీ. వీనికి నా జబ్బే వచ్చె" అంది.

ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వుండటం మా అదృష్టం. అక్కడ ఒక డాక్టరమ్మ, మా పెద్దోడి వయసే వుంటుంది, చాలా ఓపికగా చూసింది. చక్కెర నాలుగువందలు దాటింది. "భయపడినా పిల్లికి చక్కెర మూడువందలు దాకా ఎగురుతుందండీ, ఈ ఒక్క లెక్కా చూసి చెప్పకూడదు" అని మూత్రం చూసింది, గత రెండు వారాల సగటు తెలిపే ఇంకో రక్తపరీక్ష చేయించింది. అన్నీ ఒకే మాట చెప్పాయి. తర్వాత మెల్లగా, మొహం చూడకుండా, "స్టెరాయిడ్ ఏమైనా వాడారా?" అని అడిగింది.

నేను చదివింది ఆర్ట్సు. క్లోమం పొట్టలో ఏ పక్కన వుంటుందో కూడా అప్పటిదాకా తెలీదు. ఆ అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. స్టెరాయిడ్ ఊపిరి గొట్టాల వాపు తగ్గిస్తుంది, అందుకే ఉబ్బసానికి అంత బాగా పనిచేస్తుంది. అదే మందు కాలేయం చేత చక్కెర ఎక్కువగా తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ మాటను వొళ్ళు వినకుండా చేస్తుంది. ముసలితనానికి దగ్గరపడ్డ, వొళ్ళు చేసిన మగపిల్లులకు చక్కెర రావడానికి మామూలుగానే వీలెక్కువ. దాని మీద అయిదు సూదులు.

"అయితే ఆ మందు ఆపేద్దాం" అన్నాను.

"ఆపితే ఊపిరి?" అంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని ఎన్నిసార్లు కథల్లో రాశానో. ఆ మాట బరువు ఆరోజు ప్రొద్దుటూరు నుంచి ఇంటికొచ్చే దారిలో తెలిసింది. ఒళ్ళో బుట్ట, బుట్టలో దొర, నా మనసులో ఎందుకో శిబి చక్రవర్తి. పావురం శరణంటుంది, డేగ ఆకలంటుంది. ఇద్దరిదీ న్యాయమే. ఆయన తన తొడ కోసి తూచి ఇచ్చి గండం గడిపాడు. నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. ఇక్కడ డేగా పావురమూ రెండూ ఒకే పిల్లి వొంట్లో వున్నాయి. నేను త్రాసు పట్టుకున్నదాన్ని మాత్రమే. ఎటు దించినా కోత పడేది వాడికి.

ఇంటికొచ్చాక చేతికందిన పుస్తకాలన్నీ తిరగేశాను. ఆ చదువులో నాకొక సంగతి తెలిసి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. స్టెరాయిడ్‌కూ చక్కెర జబ్బుకూ వున్న ఈ పగ మనుషులకెలా తెలిసిందనుకున్నారు? పిల్లుల వల్లే. 1936లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో లాంగ్, లూకెన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పిల్లుల క్లోమాలు కోసి తీసేసి వాటికి చక్కెర జబ్బు తెప్పించారు. అలాంటి పిల్లులు కొద్ది రోజుల్లో పోతాయి. కొన్నింటికి మూత్రపిండాల మీద టోపీలా వుండే అడ్రినల్ గ్రంథుల్ని కూడా తీసేశారు. ఆ పిల్లులకు జబ్బు తేలికపడింది, ఇంకొన్నాళ్ళు బతికాయి. ఆ గ్రంథుల్లో పుట్టేదేదో చక్కెరను ఎగదోస్తోందని అర్థమైంది. దొర వొంట్లో జరుగుతున్నది అదే. తొంభై ఏళ్ళ కిందట వాడి జాతివాళ్ళ వొంటి మీద రాసి పెట్టుకున్న పాఠాన్నే డాక్టరమ్మ నాకు కాగితం మీద గీసి చూపించింది.

ఇన్సులిన్ కథా అంతే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని కుక్కల మీద సాధించారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఎక్కించారు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు లోకంలో ఇన్సులిన్ కావలసిన చక్కెర రోగులు ఎక్కువగా కబేళాల్లో ఆవుల క్లోమాల నుంచి, పందుల క్లోమాల నుంచి తీసిన ఇన్సులిన్‌తోనే బతికారు. మనిషి ఇన్సులిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసి అమ్మడం 1982 నాటి మాట. అన్నట్టు, పిల్లి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ ఒకే ఒక్క చోట తేడా అట. ఈ సంగతి చెబితే మా అత్త, "అయితే వీడు గోవు అంశ!" అని మురిసిపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పక్కింటి వదిన ఒకరోజు గోడ మీంచి, "మనుషులకే మందుల్లేక చస్తాంటే పిల్లికి ఇన్సులినా? ఇదేం సోద్యం వదినా!" అంది. కుక్కల కథ, పిల్లుల కథ చెప్పి ఆమె నోరు మూయించాను. నోరు మూయించడం వేరు, జవాబు చెప్పడం వేరు. మా తోటలో పనికొచ్చే ఒకామె మొగుడికి చక్కెర. చేతిలో డబ్బున్న నెల సూది వేసుకుంటాడు, లేని నెల మానేస్తాడు. పిల్లుల రుణం పిల్లులకు తీర్చాలంటే ఒప్పుకుంటాను. మరి ఆ మనిషి రుణం? ఆ తర్వాత నుంచి నెలనెలా అతని చీటీకి మందుల షాపులో నేనే డబ్బు కడుతున్నాను. పుణ్యమని చెప్పుకోను. నా పిల్లిని నేను నిశ్చింతగా చూసుకోవడానికి నా మనసుకు ఇచ్చుకునే లంచం అది. లంచమైనా పుచ్చుకున్నవాడి చక్కెర తగ్గింది కదా అని మావారు ఓదార్చారు.

ఇక మా ఇంటి ఏర్పాట్లు వినండి. ఫ్రిజ్ తలుపు అరలో రెండు ఇన్సులిన్ సీసాలు. ఒకటి అత్తది, ఒకటి దొరది. అత్తది మిల్లీలీటరుకు నలభై యూనిట్ల రకం, ఎర్ర మూత సిరంజి. దొరది గ్లార్గిన్ అనే నూరు యూనిట్ల రకం, నారింజరంగు మూత సిరంజి. పొరపాటున దొర మందును అత్త సిరంజితో తీస్తే గీతలు చూసి ఇచ్చిన మందు రెండున్నర రెట్లవుతుంది. వేలెడు పిల్లికి అది చావే. అందుకని అత్తవి దేవుడి గూట్లో పసుపు డబ్బాలో, దొరవి నా రాతబల్ల సొరుగులో పెట్టాను. మా ఇంట్లో ఎవరూ ఎవరి డబ్బా ముట్టరు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, ముందు తిండి, తర్వాత చెవి అంచున చిన్న పోటుతో రక్తపు చుక్క, మీటరు, సూది. దొర సూదిని అసలు పట్టించుకోడు. చెవి పొడిచినందుకు మాత్రం ఒక్క చూపు చూస్తాడు. పెళ్ళిలో కట్నం తక్కువైన మేనత్త చూపు.

ఉబ్బసానికి డాక్టరమ్మ వేరే దారి చెప్పింది. స్టెరాయిడ్ మాత్రగానో సూదిగానో ఇస్తే వొళ్ళంతా పాకుతుంది. పీల్చే మందుగా ఇస్తే ఎక్కువ భాగం ఊపిరితిత్తుల దగ్గరే వుంటుంది, రక్తంలోకి పోయేది తక్కువ. చంటిపిల్లల ముక్కూ నోరూ మూసేలా మాస్కు తగిలించిన గొట్టం దొరుకుతుంది కదా, అదే. బెంగుళూరు నుంచి మా పెద్దోడు పంపించాడు. అయితే ఆ మందు పూర్తిగా పనిలోకి దిగడానికి వారం రెండు వారాలు పడుతుంది. అందాకా మాత్ర తప్పదు. మాత్ర వున్నన్నాళ్ళు చక్కెర ఎగుస్తుంది కనుక ఇన్సులిన్ పెంచాలి. మాత్రను టకీమని ఆపకూడదు, మెట్టు మెట్టుగా దించాలి. మాత్ర ఒక మెట్టు దిగినప్పుడల్లా ఇన్సులిన్ సంగతి చూసుకోవాలి. "ప్రతి మెట్టుకూ నాకు ఫోను చెయ్యండి" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. చీటీ మీద రాసి గీత కూడా కొట్టింది.

పొగ, దుమ్ము పనికిరావంది. మా అత్త శుక్రవారం శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేస్తుంది. నలభై ఏళ్ళ అలవాటు. నేను ఎలా చెప్పాలా అని నసుగుతుంటే తనే ధూపం మట్టిమూకుడు తీసుకెళ్ళి తులసికోట దగ్గర పెట్టేసింది. "దేవునికి ముక్కు లేదా ఏంది, ఆడికి రాడా?" అంది.

గొట్టం పెట్టిన మొదటి రోజుల పోట్లాట సంగతి రాస్తే మరో వ్యాసమవుతుంది. నా రెండు చేతులూ చూసి మావారు గులాబీతోటలో పనికి కుదిరావా అన్నారు.

అప్పుడే నాకు అంకెల పిచ్చి పట్టింది. సీరియల్ రాసుకునే నోటుబుక్కులో వెనక నుంచి గీతలు గీసి దొర చక్కెర లెక్కలు రాసేదాన్ని. రెండొందల తొంభై వచ్చిన రోజు అన్నం సయించేది కాదు. నూట ఇరవై వచ్చిన రోజు మొదటి బహుమతి వచ్చినంత సంబరం. వచ్చినవాళ్ళకల్లా ఆ పుస్తకం చూపించేదాన్ని. మాత్ర మీద వున్నప్పుడు ఇన్సులిన్ రెండు నుంచి నాలుగు యూనిట్లయింది. మాత్ర తగ్గిస్తూ వచ్చాం. లెక్కలు అందంగా రాసాగాయి. నూట నలభై. నూట ఇరవై అయిదు. నూట పది. ఇంత బాగున్నప్పుడు ఫోను దేనికి, ఆ అమ్మాయి పనిలో వుంటుంది అనుకున్నాను. నిజం చెప్పనా? ఫోను చేస్తే ఇన్సులిన్ తగ్గించమంటుందని నాకు తెలుసు. తగ్గిస్తే నా అంకె పాడైపోతుంది.

ఆ రాత్రి పదిన్నరప్పుడు సీరియల్ వారం పూర్తిచేసి లేచాను. దొర వంటింటి గడప దాటలేక అక్కడే నిలబడి వున్నాడు. తాగినవాడిలా పక్కకు తూలుతున్నాడు. కళ్ళు నావైపున్నాయి, చూపు లేదు. మీటరు పెడితే ముప్పై ఎనిమిది.

వేలితో తేనె తీసి చిగుళ్ళకు రుద్దాను. మింగించబోతే ఊపిరిలోకి పోతుందని, చిగుళ్ళకు రాయాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయిదు నిమిషాలకోసారి రుద్దుతూ, నేల మీద వాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. అత్త లేచొచ్చి దీపం వేసింది, ఏమీ అడగలేదు. ముప్పావుగంటకు తల ఎత్తాడు. గంటన్నరకు నా వేలు కొరికాడు. ఆ కాటుకు ఏడ్చినంతగా నేను నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా ఏడవలేదు. డాక్టరమ్మ అంత రాత్రివేళ ఫోనెత్తి అన్నీ విన్నది. తిట్టి వుంటే బాగుండేది. "మాత్ర ఎన్నిమెట్లు దిగిందండీ?" అని మాత్రం అడిగింది.

నవలల్లో నేను పాత్రలకు ఎన్ని జబ్బులు తెప్పించానో లెక్కలేదు. ఒక కథానాయికకు క్షయ, ఒకామెకు గుండెలో రంధ్రం, ఒక అత్తగారికి పక్షవాతం (అది కాస్త కక్షతో రాశానని పాఠకులు ఉత్తరాలు రాశారు). ఎవరు ఎంత బాధపడాలో, ఎన్నో వారం కోలుకోవాలో నా ఇష్టం. ఆ అధికారం కలంతోనే ఆగిందనుకున్నాను. దొర విషయంలోనూ నేను చేసింది అదే. కథకు ఒక అందమైన ముగింపు కావాలి, దానికి నూట పది అనే అంకె నప్పింది. పాత్ర తూలిపోతున్నా రచయిత్రి గమనించలేదు.

ఇది ఇక్కడితో ఆగితే నా పొరపాటు ఒక్కటిగా వుండేది. ఆ మరుసటి నెలలో మా అత్త చక్కెర వున్నట్టుండి మూడువందల ఎనభై అయింది. నేను డబ్బాలన్నీ వెతికాను. బెల్లం తిన్నావా, చీనీకాయ రసం తాగావా అని కోర్టులో ప్లీడరులా అడిగాను. చివరికి పక్కింటి వదిన చెప్పింది. ఎవరో సూదిమందు ఆయన వూళ్ళోకొస్తే మోకాళ్ళకు సూది వేయించుకుందట. అడిగితే మందు పేరు చెప్పలేదట. నాకు చెప్పనక్కర్లేదు. దొర దయవల్ల ఆ మందు గుణం నాకు బాగా తెలుసు.

గట్టిగా అరిచాను. అత్త మీద నేను గొంతెత్తడం ఇరవై రెండేళ్ళలో అది రెండోసారి. అంతా విని, కాళ్ళు చాపుకుని, ఆమె అంది: "గమ్మునుండుమ్మీ. నా చక్కెర మీద నీకు బెంగ. నీ కొడుక్కీ బెంగే, డాకటేరుకీ బెంగే. నా మోకాళ్ళ మీద బెంగ ఎవరికుంది? చక్కెర నాకేం కనపడతాదా, వినపడతాదా? మోకాళ్ళు రేయంతా అరస్తాంటాయి. ఆ సూదేసినంక పది దినాలు నా కాళ్ళతో నేను గుడికి పోయినా. నువ్వు ఆ పది దినాలు లెక్క రాసినావా నీ బుక్కులో?"

లేదు, రాయలేదు.

అత్త చేసింది సరైన పని అనడం లేదు నేను. పేరు తెలియని మందు, పేరు తెలియని మనిషి. మూడువందల ఎనభై ఎక్కితే కళ్ళు, మూత్రపిండాలు ఏమవుతాయో నాకు తెలుసు. తర్వాత ఆమెను ఎముకల డాక్టరుకు చూపించాం, వ్యాయామం నేర్పారు, నొప్పికి వేరే మందు ఇచ్చారు, కొంత నయం. కానీ అంత కాలం ఆమె రాత్రిళ్ళు మూలుగుతుంటే నేను వింటూనే వున్నాను. దాన్ని జబ్బుగా లెక్కెయ్యలేదు. మూలుగుకు అంకె లేదు. మీటరులో పడే జబ్బునే నేను జబ్బనుకున్నాను, ఎందుకంటే దాన్ని తగ్గించిన ఘనత నాకు దక్కుతుంది. అంకె నాది. మోకాలు ఆమెది.

అత్తకు నోరుంది, అంది. దొరకు లేదు. వాడి తరఫున నిర్ణయించే అధికారం నాకెవరిచ్చారని నేను అడగను, అడిగి లాభం లేదు. ఎవరో ఒకరు నిర్ణయించకపోతే వాడు చచ్చిపోతాడు. నా సందేహమల్లా, ఆ నిర్ణయంలో వాడి వాటా ఎంత, నా వాటా ఎంత అని. చక్కెర నూట పది వున్నా రెండొందల యాభై వున్నా వాడికి తెలీదు. దాహం తెలుస్తుంది. కాళ్ళలో బలం తెలుస్తుంది. అన్నిటికంటే ముందు ఊపిరి తెలుస్తుంది. వాడి ఊపిరి కోసం కొంచెం ఎక్కువ చక్కెర ఒప్పుకోమని నేను వాడి తరఫున బేరం ఆడవలసింది, నా అంకె కోసం ఆడాను. ఏళ్ళ తరబడి మనసులో 'నీకోసమే కదా' అనుకుంటూ చేసే పనుల్లో ఎన్ని ఇలాంటివో. పిల్లల చదువుల దగ్గర్నుంచి వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం తెగదు. వెళ్ళను.

ఇదంతా డాక్టరమ్మతో చెబితే ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు. పిల్లులకు మనుషులంత కట్టుదిట్టంగా చక్కెర దించనక్కర్లేదని, కాస్త ఎక్కువున్నా గండం లేదుగానీ తక్కువైతే గంటల్లో ప్రాణం పోతుందని, తాగే నీళ్ళు మామూలుగా వుండి, బరువు తగ్గకుండా, గోడెక్కగలిగితే తనకు చాలని చెప్పింది. ఇవన్నీ మొదటి రోజే చెప్పిందట. నేను వినలేదు. ఆర్ట్సు గ్రాడ్యుయేట్లకు అంకెలంటే భయమంటారు గానీ, ఒకసారి అలవాటైతే మాకున్నంత భక్తి ఇంకెవరికీ వుండదు.

కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరం పూర్తిగా పోతుందట, ముఖ్యంగా చక్కెరను ఎగదోసిన మందు ఆపేస్తే. దొరకు అలా జరగలేదు. చలికాలం వస్తే మాత్ర మళ్ళీ కొన్నాళ్ళు కావలసి వస్తుంది, ఒక యూనిట్ ఇటూ అటూ అవుతుంది. ఇప్పుడు నోటుబుక్కులో అంకె పక్కన ఇంకో గడి గీశాను. 'దగ్గు ఎన్నిసార్లు', 'గోడ ఎక్కాడా', 'కాకుల మీద కోపం'. ఆ గడులన్నీ నిండటం లేదు, నిజమే. ఇప్పటికీ ముందు చూసేది అంకెనే. ఫోను మాత్రం చేస్తున్నాను.

పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలంటారు కదా. ఆ తేనె రాత్రి తర్వాత మావారు, "ప్రొద్దుటూరు బంగారంగళ్ళలో ఆరు కిలోల పిల్లికి ధర అడిగొచ్చేదా?" అన్నారు. నవ్వలేకపోయాను.

మొన్న ఉగాది పొద్దున. దొర మాస్కు అలవాటైన పాత కళ్ళద్దాల్లా ముఖానికి పెట్టించుకుని కూర్చున్నాడు. ఊపిరులు లెక్కపెట్టడం అత్త పని. "ఒగటి... రెండు... గమ్మునుండ్రా... మూడు..." పది దాకా పెట్టి, నావైపు తిరిగింది.

"వాందెంత వచ్చె?"

"రెండొందల అరవై అత్తా."

"నాదెంత?"

"నూట ఎనభై."

"వాని కంటే నేనే మేలు. ఓళిగ తే పో."

అర ఓళిగ తెచ్చాను. ఆమె ఆ అరను చూసింది, నన్ను చూసింది. నేను లోపలికి పోయి నెయ్యి తెచ్చి దాని మీద వేశాను. దొర నేతి వాసనకు ఆమె ఒళ్ళోకెక్కి, నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి తీస్తూ కూర్చున్నాడు.